ఊరికే ఊ కొట్టని మా వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయాడు. పొద్దున్నే కోరుట్ల నుంచి అల్లుడి ఫోను వచ్చింది. "అత్తమ్మా, బాపు లేడు" అన్నాడు. మా అల్లుడు ఏ సంగతైనా మూడు వీధులు తిప్పి గానీ చెప్పడు. అంత చిన్న వాక్యం అతని నోట ఎన్నడూ వినలేదు. అందుకే, "ఎక్కడికి పోయిండు?" అని అడిగాను. అల్లుడు ఫోను నా బిడ్డ చేతికిచ్చాడు. అప్పుడు తెలిసింది.

పదకొండో రోజు భోజనాల దగ్గర మన రిటైర్డ్ టీచర్ల సంఘం వాళ్లు ఒక బంతిలో కూర్చుని, "మనుమరాలికి అకౌంట్లు నేర్పి పాస్ చేయించిన మనిషి" అని ఆయన్ని మెచ్చుకున్నారు. విస్తళ్ల ముందు గొడవ ఎందుకని ఊరుకున్నాను. ఊరుకున్నానే గానీ అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎటు పోవాలో తోచదు. అందుకని సంఘం పత్రికకే రాస్తున్నాను. మీరన్నది తప్పు. ఆయన ఆ పిల్లకు అకౌంట్లు నేర్పలేదు. ఆయనకు అకౌంట్లు రావు. డెబిట్ ఏ పక్కన ఉంటుందో పోయే నాటికి కూడా ఆయనకు రూఢిగా తెలియదు. ఆయన చేసిందల్లా వినడం. అదీ మీరూ నేనూ వినేటట్టు కాదు.

ఆయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. మా రెండిళ్లలోనూ తాతలు తాళ్లెక్కి కల్లు గీసినవాళ్లే. తర్వాత ఆయన స్టీరింగు పట్టాడు, నేను చాక్‌పీసు పట్టాను. నా బిడ్డను ఆయన కొడుక్కి ఇచ్చిన నాటినుంచి మా ఇద్దరికీ ఒకరినొకరు దెప్పుకోవడమే పని. పెళ్లయ్యాక మొదటిసారి సిరిసిల్లలో మా ఇంట్లో భోంచేస్తూ, "చెల్లే, గిది చారా, చెయ్యి కడుక్కునే నీళ్లా?" అన్నాడు.

"తాగినంక అడుగుతున్నవా అన్నా? డ్రైవరుకు ముందుచూపు ఉండాలె గదా" అన్నాను.

ఆయన పగలబడి నవ్వి ఇంకో గ్లాసు పోయమన్నాడు. ఆ రోజే అనుకున్నాను, ఈ మనిషితో వియ్యం నిలుస్తుందని.

ఇక మనుమరాలి సంగతి. జగిత్యాలలో ఉండే నా బిడ్డకు ఒక్కతే కూతురు. సీఏ చదువుతోంది. అందులో ఇంటర్ అని ఒక మెట్టు ఉంది, రెండు గ్రూపులు. ఒక్కో పేపరులో నలభై రావాలి, మొత్తం మీద సగం రావాలి. మా పిల్లకు ఒకసారి ఒక పేపరులో ముప్ఫై ఎనిమిది వచ్చి ఆగిపోయేది. ఇంకోసారి అన్ని పేపర్లలో నలభై దాటి మొత్తంలో పడిపోయేది. తప్పడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ ఓపికగా తిరిగి చూసింది.

చదవక తప్పితే తిట్టి ఊరుకునేదాన్ని. చదివే తప్పింది, అదే బాధ. హైదరాబాదు హాస్టల్లో ఉండి పాఠాల వీడియోలు రెట్టింపు వేగంతో చూసేది. ఆ మాస్టారు మాట్లాడుతుంటే మిక్సీలో శనగలు వేసినట్టు ఉండేది. ఈ పిల్ల తల ఊపుతూ కూర్చునేది. పుస్తకం నిండా పసుపు, గులాబీ, పచ్చ గీతలు. బతుకమ్మను పేర్చినట్టు పేర్చింది పుస్తకాన్ని. చూసిన వాళ్లెవరైనా ఈ పిల్ల తప్పక పాసవుతుందనే అంటారు. నేనూ అన్నాను. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను కూడా. అంజన్న ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

నాలుగోసారి తప్పాక జగిత్యాలకు వచ్చేసింది. వాడకట్టులో కనిపించిన ప్రతివాళ్లూ "ఇంక ఒడువలేదా సదువు?" అని అడిగేవాళ్లు. వాళ్ల నాన్న, "ఇగ సాలు బిడ్డా, ఏదన్న బ్యాంకు పరీక్ష రాసుకో" అన్నాడు. ఇంకొక్కసారి రాసి మానేస్తానంది. చదివే చోటు మాత్రం జగిత్యాల కాదంది. కోరుట్లలో తాత ఇంటి చుట్టుపక్కల బీడీలు చుట్టే ఆడవాళ్లకు సీఏ అంటే ఏమిటో తెలియదు, తెలియదు గనక అడగరు. అందుకని అక్కడికి వెళ్లింది.

వెంటనే నేనూ సంచి సర్దుకుని సిరిసిల్లలో కోరుట్ల బస్సెక్కాను. సంచిలో గోడకు అంటించే టైంటేబులు, అలారం గడియారం, సరస్వతి ఆకు పొడి. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన దాన్ని, చదువు ఎట్లా చదవాలో నాకు కాక ఎవరికి తెలుస్తుంది? ప్రతి పాఠంలో ముఖ్యమైన అంశాలు మళ్లీ మళ్లీ రాయించాను. పిల్ల బుద్ధిగా రాసింది. చెయ్యి రాసేది, మనసు ఎక్కడో ఉండేది. నేను సంతోషించాను. కాగితాలు నిండుతుంటే సంతోషించడం మన వృత్తిలో ఉన్న జబ్బు.

మా వియ్యంకుడు రోజూ పొద్దున గడప పక్కన కుర్చీ వేసుకుని, వీధి వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. మనం ఆయనకు ఏం చెప్పినా వీధినే చూస్తూ వినేవాడు. ఇన్నేళ్లూ రోడ్డు మీద చూపు పెట్టి, వెనకనుంచి వచ్చే మాటలు విన్న అలవాటు. ఒకరోజు అట్లాగే కూర్చుని వెనక్కి తిరగకుండా అడిగాడు.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

"డిప్రిసియేషన్ తాతా."

"అంటే?"

"అంటే ఆస్తి విలువ ఏటేటా తగ్గుతది గదా, గది లెక్కగట్టి రాసుడు."

"మా డిపోల ఒక పాత బండి ఉండె. కొత్త బండ్లకన్న గదే మంచిగ గుంజేది. దాని ఇలువ ఎందుకు తగ్గాలె?"

"అట్ల కాదు తాతా. విలువ తగ్గుడు అంటే... ఖర్చును పంచుడు..."

"ఎవలకు పంచుడు?"

"ఏండ్లకు."

మన ఇళ్లలో కథ చెప్పేటప్పుడు వినేవాడు ఊ కొట్టాలి. ఊ లేకపోతే కథ నడవదు. పిల్ల ఆ ఊ కోసం ఆగింది. ఆయన ఊ అనలేదు. వీధిలో ఒక మేకను చూస్తున్నాడు. పిల్ల నావైపు చూసింది. నాకు నోరు ఆగుతుందా?

"అదేందంటే అన్నా..."

"చెల్లే, పరీక్ష నీదా, పొల్లదా?"

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అట్లా మూసుకున్న సందర్భాలు తక్కువ, అందుకే బాగా గుర్తుంది.

పిల్ల పుస్తకం తీసింది, ఆ ఒక్క పేజీ చదివింది, మూసింది, మళ్లీ చెప్పింది. ఆయన ఊ అనలేదు. మళ్లీ తీసింది. అన్నం వేళ దాటాక వచ్చి కింద కూర్చుని మెల్లగా చెప్పింది. "తాతా, బస్సు కొన్న పైసలన్నీ కొన్న ఏడే ఖర్చని రాస్తే, ఆ ఒక్క ఏడు పెద్ద నష్టం కనబడతది. ఆ తర్వాత ఏండ్లల్ల బస్సు ఉత్తగనే నడిచినట్టు ఉంటది. గది అబద్ధం గదా. అందుకే బండి ఎన్నేండ్లు పనికొస్తదో అన్నేండ్లకు ఆ ఖర్చును పంచి రాస్తరు. నీ పాత బండి మంచిగ గుంజుతదా లేదా అన్నది వేరే ముచ్చట."

"ఊఁ" అన్నాడు ఆయన.

పిల్ల ఏడ్చింది. "లెక్కలన్నీ చేస్త తాతా. కానీ ఇది నాకు తెల్వదన్న సంగతే నాకు తెల్వలే."

"ఏడ్వకు. ఇటు ఇను" అని ఆయన తన పాత కండక్టరు ముచ్చట చెప్పాడు. "ఎండకాలం, పగటీలి తిన్నంక బండి నడుపుతుంటే కండ్లు మూతలు పడ్తయి. మా కండక్టరు నా ఎనుక నిలవడి కథ చెప్పేటోడు. నేను ఊ కొట్టాలె. నడుమల నడుమల 'గప్పుడు రాజు దోమనెక్కి పోయిండు' అనేటోడు. నేను ఊఁ అన్ననంటే, 'బండి పక్కకు పెట్టు, మొకం కడుక్కో' అనేటోడు. ఉత్తగ కొట్టే ఊ ఉన్నదే బిడ్డా, గది నిద్ర. నువ్వు గా ఫోన్ల సారుకు ఊ కొడ్తున్నవ్, పుస్తకానికి ఊ కొడ్తున్నవ్. అండ్ల దోమలెన్ని పోయినయో నువ్వు సూడలే."

ఆయన్ని జ్ఞానిని చేసి గోడకు పటం కట్టడానికి నేనిది రాయడం లేదు. ఆయన మొండివాడు. అర్థం కానిదాన్ని అయినట్టు నటించడం చేతకాని మనిషి. పెళ్లిళ్లలో "ఈనె ఎవలు?" అని ఎదుటివాళ్లకు వినబడేటట్టే అడిగేవాడు. ఆ గుణంతో మా బంధువుల్లో సగం మందికి కోపం తెప్పించాడు. అదే గుణం ఈ పిల్లకు పనికొచ్చింది.

ఆ మరునాడే నా టైంటేబులు గోడ మీదినుంచి దిగిపోయింది. రోజూ పొద్దున ఒక అంశం. పుస్తకం మూసి తాతకు చెప్పడం. ఊ ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో చిన్న గుర్తు. తిరిగి ఆ ముక్క మాత్రమే చదవడం. రంగు పెన్నులు పక్కింటి పిల్లలకు పోయాయి. మధ్యాహ్నం పాత ప్రశ్నపత్రం ఒకటి ముందు పెట్టుకుని, పరీక్షలో లాగా గడియారం చూసుకుని రాయడం. అప్పుడు ఆయన గడప దగ్గర కాపలా. చుట్టాలొచ్చినా సరే, "లోపల పరీక్ష నడుస్తున్నది, చాయ తాగేదుంటే బయట హోటల్ల తాగుండ్రి" అనేవాడు. ఇంటికి వచ్చిన వియ్యపురాలిని నన్ను కూడా ఒకసారి అట్లాగే ఆపాడు.

ఇంకో సంగతి. ఆయనకు మరుపు ఎక్కువ. వారం కింద విన్నది మళ్లీ అడిగేవాడు. "మొన్న ఏదో చెప్పినవ్ గదా, బస్సు ముచ్చట, ఏందది?" పిల్ల మళ్లీ చెప్పేది. మరో పదిహేను రోజులకు మళ్లీ అడిగేవాడు. అట్లా అడిగిన ప్రతిసారీ పిల్ల మాట పొట్టిదవుతూ, గట్టిదవుతూ వచ్చింది. కావాలనే అడిగేవాడని మా బిడ్డ అంటుంది. లేదు, నిజంగానే మర్చిపోయేవాడు. అంత నటించే నేర్పు ఆయనకు లేదని వియ్యపురాలిగా ప్రమాణం చేసి చెప్పగలను.

నష్టాలూ జరిగాయి. ఆయనకు ఏది చెప్పాలన్నా బస్సుతో చెప్పాల్సి వచ్చేది. ఒక నమూనా పరీక్షలో ఈ పిల్ల ఏకంగా జవాబులోనే డిపో, టైర్లు, కండక్టరు అని రాసింది. దిద్దిన వాళ్లు పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు. ఇంకోరోజు కంపెనీ చట్టం చెబుతుంటే ఆయన ఊ మరీ నున్నగా వస్తోందని పిల్లకు అనుమానం వచ్చింది.

"అప్పుడు డైరెక్టరు దోమనెక్కి మీటింగుకు రావాలె తాతా" అంది.

"ఊఁ" అన్నాడు.

"తాతా, బండి పక్కకు పెట్టు! మొకం కడుక్కో!"

అరుగు మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్లంతా చాటలు దించి నవ్వారు. ఆ పిల్ల గట్టిగా నవ్వడం నేను చాన్నాళ్లకు విన్నాను.

ఆ విడత ఒక గ్రూపు అయింది. ఫలితం వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పిల్ల ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "తాతా, అయింది! ఒక గ్రూపు అయింది!" అంది. ఆయన ఊ అనలేదు. ఈసారి నిజంగా వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు. "ఒకటా? ఇంకోటి కూడ ఉన్నదా? ముందుగాల చెప్పలేదేందే?" అన్నాడు. ముందుగాల చాలాసార్లే చెప్పింది.

రెండో గ్రూపులో ఆడిటింగ్ ఉంది. లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఆడిటర్ తన మాట చెప్పే పని. అందులో భాగంగా, ఆ కంపెనీ వచ్చే ఏడు కూడా నడుస్తుందా అని చూడాలట. పిల్ల అది చెబుతుంటే ఆయన బీడీ వెలిగించుకుంటూ, "మరి నన్ను సూసి రాయి. వచ్చే ఏడు నడుస్తనా?" అన్నాడు.

"అట్ల కాదు తాతా. ముందుగాల మేనేజ్‌మెంట్ చెప్పాలె. దాన్ని చూసి ఆడిటర్ చెప్తడు."

ఆయన ఇంట్లోకి కేకేశాడు. "ఏమే మేనేజ్‌మెంటూ, ఏమంటవ్?"

లోపలినుంచి మా వియ్యపురాలు అంది. "నడుస్తది గని పొగ ఎక్కువున్నది."

ఆయన పగలబడి నవ్వాడు. అదే నేను ఆ ఇంట్లో విన్న ఆఖరు నవ్వు. నేను సిరిసిల్లకు తిరిగి వచ్చిన కొన్నాళ్లకే ఛాతీలో మంట అన్నాడట. కారులో జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. జీవితమంతా ముందు సీట్లో కూర్చున్న మనిషి వెనక సీట్లో పడుకుని పోయాడు. అల్లుడు ఆ ఒక్క మాటే పదేపదే చెబుతున్నాడు. నాకూ అదే గుచ్చుకుంటోంది.

కర్మ అయ్యాక మనుమరాలు, "ఇగ నేను రాయ అమ్మమ్మా" అంది. ఏడవకుండా అంది, అందుకే భయపడ్డాను. ఇంకో గ్రూపు మిగిలి ఉంది, పరీక్ష దగ్గర పడింది. ఇప్పుడు వదిలితే మళ్లీ పుస్తకం పట్టదని నాకు తెలుసు. చెయ్యి పట్టుకుని సిరిసిల్లకు తీసుకొచ్చాను. వినడానికి తాత చోట నేను కూర్చుంటానన్నాను.

కూర్చున్నాను. రెండు రోజులు కూడా గడవలేదు.

"అమ్మమ్మా, నేను నోరు తెరవకముందే నువ్వు ఊ అంటున్నవ్."

"నాకు తెలుసు గదనే. కోరుట్లల నేనూ విన్న గదా."

"గదే నీతోని బాధ. నాకు తెలుసో లేదో నీకెట్ల తెలుస్తది?"

పరువు పోతే పోయింది గానీ ఆ మాట నిజం. అంతకన్నా పెద్ద రోగం ఇంకోటి ఉంది, మీకూ ఉంది. తరగతిలో పిల్లవాడు "మన రాజధాని..." అని ఆగితే, మనం "హై..." అంటాం. వాడు "...దరాబాద్" అంటాడు. మనం శభాష్ అంటాం. ఇన్నేళ్లూ ఎవరు పాసయ్యారో, వాళ్లా మనమా, ఇప్పుడు ఆలోచిస్తుంటే నిద్ర పట్టడం లేదు. పిల్ల ఎక్కడ ఆగినా నా నోట్లోంచి సగం మాట దొర్లిపోతోంది. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. అయినా కళ్లు చెప్పేస్తున్నాయంది.

పక్కింటావిడను పిలిచి కూర్చోబెట్టాను. ఆమెకు మొహమాటం. "పెద్ద సదువుల పిల్ల, నేనేం అడుగుత" అని మొదటినుంచి చివరిదాకా ఊ కొట్టి, వెళ్లేటప్పుడు మంచిగా చెప్పిందని మెచ్చుకుంది. ఇస్త్రీ చేసే అతన్ని అడిగాను, అతనూ అంతే. మర్యాద తెలిసిన ఊళ్లో "నాకు సమజ్ కాలే" అనే మనిషిని వెతకడం ఎంత కష్టమో వెతికితే తెలిసింది. ఆ మాటను సిగ్గుపడకుండా, ఎదుటివాళ్లను సిగ్గుపరచకుండా అనగలిగిన మనిషిని నేను ఒక్కణ్నే చూశాను. ఆయన బతికున్నంతకాలం నేను మొద్దు అని దెప్పాను. ఆయనా నన్ను బడిగంట అన్నాడు. అందులో ఎవరికీ బాకీ లేదు.

నిన్న సాయంత్రం వంటింట్లో ఉన్నాను. మా వీధిలో సాంచెల చప్పుడు మీకు తెలుసు, పక్కమనిషితో మాట్లాడాలన్నా అరవాలి. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఆ మరమగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో పెరట్లోనుంచి మా పిల్ల గొంతు వీధి వీధంతా వినబడింది. ఒక్కతే అటూ ఇటూ తిరుగుతూ, ఎదురుగా ఎవరూ లేకుండా అరుస్తోంది. "ఆడిటర్ సంతకం పెట్టిండంటే కంపెనీ మంచిగున్నట్టు కాదు, ఎందుకంటే..."

ఆగింది. నేను గరిటె పట్టుకుని పళ్లు బిగించాను. జవాబు నా నాలుక చివరన ఉంది. పెరట్లో చప్పుడు లేదు. వీధిలోనూ లేదు.

"ఉహుఁ" అంది తనకు తానే. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది, ఈసారి మెల్లగా.

రాయనన్న పిల్ల రాస్తుంది. కానీ గాలికి చెప్పుకుంటూ ఎంతకాలం? అందుకని సంఘం సభ్యులకు ఒక పని చెబుతున్నాను. మీరెవరూ రాకండి. మీ ఇంట్లో, మీ వాడకట్టులో మొహమాటం లేని మనిషి ఒకరుంటారు. సినిమా మధ్యలో లేచి "వీడెందుకు ఏడుస్తుండు?" అని అడిగే రకం. ఆడైనా మగైనా సరే. ఈ ఆదివారం పొద్దున జగిత్యాల నుంచో కోరుట్ల నుంచో మొదటి బస్సుకు ఎక్కించండి. సిరిసిల్ల బస్టాండులో నేనే వచ్చి తీసుకుంటాను. టిఫిను మా ఇంట్లోనే. పండ్లూ మిఠాయిలూ వద్దు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఆడిట్ అంటే ఏమిటో ముందే చెప్పి పంపకండి.